తటస్థ దేశానికి నౌకాదళం ఎందుకు? – 1939-41 అమెరికా అనుభవం

గత యేడాది మన యూనియన్ వారు జరిపిన వక్తృత్వపు పోటీకి నన్ను కూడా ఒక న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. విషయం, "యుద్ధకాలంలో తటస్థత సాధ్యమా?" అన్నది. ఒక కుర్రవాడు చాలా చక్కగా మాట్లాడాడు. "పక్కింటివాళ్లు కొట్టుకుంటుంటే మన తలుపు మనం వేసుకుని కూర్చుంటాం. తటస్థత అంటే అదే. తలుపు వేసుకున్నవాడికి దుడ్డుకర్ర దేనికండీ? తటస్థ దేశానికి నౌకాదళం దేనికండీ?" అన్నాడు. హాలంతా చప్పట్లు మోగిపోయాయి. నేను మాత్రం అతన్ని రెండో బహుమతి దగ్గరే ఆపాను. సభ ముగిశాక మెట్ల దగ్గర నన్ను పట్టుకుని, "నా వాదంలో లోపమేమిటి మాస్టారూ?" అని అడిగాడు. నిలబడి చెప్పే జవాబు కాదు, సావనీరులో రాస్తాను లెమ్మన్నాను. ఆ మాట నిలబెట్టుకోవడానికే ఈ వ్యాసం.

లోపం ఒక్కటే. ఇంటికి తలుపు వుంటుంది, సముద్రానికి వుండదు. సముద్రం మీద తటస్థత అంటే నీళ్ల మీద గీసిన గీత లాంటిది. దాన్ని రోజూ ఎవరో ఒకరు ఓడ వేసుకుని తిరిగి గీస్తూనే వుండాలి. అయితే ఆ గీత గీసే చేతికే దాన్ని జరిపే శక్తి కూడా వుంటుంది. ఈ రెండో సంగతి మొదటిదానికంటే ముఖ్యమైనది. రెండింటికీ 1939 సెప్టెంబరు నుంచి 1941 డిసెంబరు వరకు, అంటే ఇరవయ్యేడు నెలలపాటు, అమెరికా నౌకాదళం నడిచిన దారే మంచి ఉదాహరణ. చదివేటప్పుడు అట్లాసు ఒకటి పక్కన పెట్టుకోవలసిందిగా మనవి.

చట్టం ఏమంటుంది?

ముందుగా కొంచెం న్యాయశాస్త్రం. 1907లో హేగ్ నగరంలో కుదిరిన ఒప్పందాలలో పదమూడవది సముద్ర యుద్ధంలో తటస్థ దేశాల హక్కులకూ బాధ్యతలకూ సంబంధించినది. దాని సారం ఇది. తటస్థ దేశపు జలాలలో పోరాడుతున్న దేశాలు కాల్పులు జరపరాదు. తటస్థ రేవును తమ యుద్ధానికి స్థావరంగా వాడుకోరాదు. యుద్ధనౌక తటస్థ రేవులోకి వస్తే, ఆ దేశపు చట్టం వేరే విధంగా చెప్పకపోతే, 24 గంటలకు మించి వుండకూడదు. దెబ్బతిన్న ఓడ సముద్రంలో నడవడానికి కావలసినంత మరమ్మతు చేసుకోవచ్చుగాని, పోరాటశక్తి పెంచుకునే పని చేసుకోకూడదు. ఇక తటస్థ దేశం కూడా ఏ పక్షానికీ యుద్ధనౌకలు గాని, యుద్ధసామగ్రి గాని సరఫరా చేయరాదు. చివరిది జ్ఞాపకం పెట్టుకోండి, ముందు దానితో పని వుంది.

ఇవన్నీ ఎవరు అమలు చేయాలి? ఆ ఒప్పందమే చెబుతుంది. తన జలాలలో ఉల్లంఘన జరగకుండా తనకున్న సాధనాల మేరకు నిఘా వేయడం తటస్థ దేశం విధి. అంటే గస్తీ కాయడం హక్కు మాత్రమే కాదు, బాధ్యత కూడా. మన కుర్రవాడి దుడ్డుకర్ర ప్రశ్నకు మొదటి జవాబు దొరికింది. తలుపు వేసుకుని నిద్రపోయేవాణ్ణి చట్టం తటస్థుడిగా లెక్కించదు. మేలుకుని కాపలా కాసేవాణ్ణే లెక్కిస్తుంది.

1939 సెప్టెంబరు

1939 సెప్టెంబరు 1న హిట్లర్ సేనలు పోలెండు మీద పడ్డాయి. 3వ తేదీన బ్రిటన్, ఫ్రాన్సు యుద్ధం ప్రకటించాయి. ఆ రాత్రే ఐర్లండుకు వాయవ్యంగా 'ఎథీనియా' అనే బ్రిటిష్ ప్రయాణికుల ఓడను జర్మన్ జలాంతర్గామి ఒకటి ముంచివేసింది. చనిపోయినవారిలో అమెరికనులు కూడా వున్నారు. యుద్ధం మొదలై ఇంకా ఒక పూటైనా గడవలేదు.

అదే రోజు రాత్రి ప్రెసిడెంటు రూజ్వెల్టు రేడియోలో మాట్లాడాడు. దేశం తటస్థంగా వుంటుందని చెప్పాడు. అయితే ప్రతి పౌరుడూ మనసులో కూడా తటస్థంగా వుండాలని మాత్రం తాను కోరలేనన్నాడు. 1914లో విల్సన్ ఇందుకు భిన్నంగా ఆలోచనలో కూడా నిష్పక్షపాతంగా వుండమని ప్రజలను కోరాడు. ఈ తేడాలోనే ముందు జరగబోయేది చాలావరకు ఇమిడి వుంది.

సెప్టెంబరు 5న అమెరికా తటస్థతను లాంఛనంగా ప్రకటించి, అదే సమయంలో నౌకాదళాన్ని 'తటస్థతా గస్తీ'కి పంపారు. ఉత్తరాన న్యూఫౌండ్లండు నుంచి దక్షిణాన కరీబియన్ దీవుల వరకు తమ తీరానికి దూరంగా తిరుగుతూ, పోరాడుతున్న దేశాల ఓడలు, విమానాలు ఎక్కడున్నాయో చూసి చెప్పడం ఆ ఓడల పని. కొట్టడం కాదు. చూడడం, చెప్పడం.

చెప్పినంత సులువు కాదు. అమెరికా నౌకాదళంలో బలమైన భాగం ఆనాడు పసిఫిక్ వైపు, కాలిఫోర్నియా రేవుల్లో వుండేది. జపాన్ మీద వాళ్లకు కన్ను. అట్లాంటిక్ వైపు మిగిలినవి కొన్ని పాత యుద్ధనౌకలు, నాలుగు భారీ క్రూయిజర్లు, 'రేంజర్' అనే ఒక్క విమానవాహక నౌక, కొన్ని డిస్ట్రాయర్లు. వేల మైళ్ల సముద్రానికి ఇవేం సరిపోతాయి? అందుకని మొదటి ప్రపంచయుద్ధపు రోజుల్లో కట్టి, తరువాత రేవుల్లో కట్టిపడేసిన నాలుగు పొగగొట్టాల పాత డిస్ట్రాయర్లను డజన్ల కొద్దీ బయటికి తీశారు. తుప్పు గీకి, రంగు వేసి, మనుషుల్ని ఎక్కించి పంపారు. మనుషులైనా చాలినంతమంది లేరు. సెప్టెంబరు 8న రూజ్వెల్టు 'పరిమిత జాతీయ అత్యవసర పరిస్థితి' ప్రకటించి నావికుల సంఖ్యను 1,45,000 దాకా పెంచడానికి అనుమతించాడు.

ఇక్కడ చదువరి గమనించవలసిన విషయమొకటుంది. కాపలాకి కావలసిన ఓడ కాపలా అవసరం వచ్చిన రోజున పుట్టదు. ఇరవై యేళ్ల క్రితం ఎవరో కట్టి, అమ్మేయకుండా దాచారు గనక ఆ వేళకు అక్కరకు వచ్చింది.

మూడు వందల మైళ్ల గీత

1939 సెప్టెంబరు చివరలో పనామా నగరంలో 21 అమెరికా ఖండపు రిపబ్లిక్కుల ప్రతినిధులు సమావేశమయ్యారు. అక్టోబరు 3 నాటికి పనామా ప్రకటన వెలువడింది. కెనడాను మినహాయించి, ఖండం చుట్టూ దాదాపు 300 మైళ్ల వరకు సముద్రాన్ని భద్రతా ప్రాంతంగా ప్రకటించి, అందులో యుద్ధచర్యలు జరగరాదన్నారు. ఆ రోజుల్లో ఒక దేశపు ప్రాదేశిక జలాలు సాధారణంగా మూడు మైళ్లే. మూడెక్కడ, మూడు వందలెక్కడ! పోరాడుతున్న దేశాలు ఈ గీతను ఒప్పుకోలేదు. కాగితం మీద గీసినంత మాత్రాన సముద్రం మీద గీత పడదని పది వారాల్లోనే తేలిపోయింది.

'అడ్మిరల్ గ్రాఫ్ స్పే' అనే జర్మన్ యుద్ధనౌక దక్షిణ అట్లాంటిక్‌లోనూ హిందూ మహాసముద్రంలోనూ తిరిగి తొమ్మిది వర్తక నౌకలను ముంచింది. డిసెంబరు 13న ప్లేట్ నది ముఖద్వారం దగ్గర, అంటే సరిగ్గా ఆ నిషిద్ధ ప్రాంతం లోపలే, 'ఎక్సెటర్', 'ఎజాక్స్', 'అకిలీజ్' అనే మూడు క్రూయిజర్లు దాన్ని ఎదుర్కొన్నాయి. దెబ్బతిన్న గ్రాఫ్ స్పే ఆ రాత్రి ఉరుగ్వే రాజధాని మాంటివిడియో రేవులోకి చేరుకుంది.

ఇప్పుడు బరువంతా ఉరుగ్వే నెత్తిన పడింది. చిన్న దేశం, నామమాత్రపు నౌకాదళం. ఒకవైపు జర్మనీ రాయబారి ఇంకా గడువు కావాలంటాడు. ఇంకోవైపు బ్రిటిష్ రాయబారి పంపించెయ్యమంటాడు, తరువాత తమ ఓడలు కూడదీసుకోవడానికి వ్యవధి కావలసివచ్చి అదే చట్టంలోని ఇంకొక నిబంధనను అడ్డం వేస్తాడు. ఒక పక్షపు వర్తక నౌక రేవు విడిచిన తరువాత 24 గంటలు గడిస్తేగాని ఎదుటి పక్షపు యుద్ధనౌక కదలకూడదన్నది ఆ నిబంధన. ఉరుగ్వే తన నిపుణులచేత ఓడను పరీక్ష చేయించి, 72 గంటలు గడువిచ్చి, ఆ మాట మీద నిలబడింది. డిసెంబరు 17 సాయంకాలం కెప్టెన్ లాంగ్స్‌డార్ఫ్ ఓడను రేవు బయటికి తీసుకుపోయి తానే పేల్చివేశాడు. కొద్ది రోజులకు బ్యూనస్ ఎయిర్స్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. అమెరికా ఖండపు రిపబ్లిక్కులు గీత దాటినందుకు నిరసన తెలిపాయి. అంతకుమించి చేయగలిగింది లేకపోయింది.

ఈ ఘట్టంలో నాకు బాగా నచ్చేది ఉరుగ్వే పాత్ర. దాని బలం ఫిరంగులలో లేదు. నియమాన్ని ఇద్దరికీ ఒకేలా వర్తింపజేయడంలో వుంది. చిన్న దేశపు తటస్థతకు అంతకంటే గొప్ప ఆయుధం మరొకటి లేదు.

చూసి చెప్పడం కూడా పక్షపాతమేనా?

అదే వారంలో ఉత్తరాన ఇంకొక సంగతి జరిగింది. యుద్ధం మొదలయినప్పటి నుంచి మెక్సికోలోని వెరాక్రూజ్ రేవులో తలదాచుకున్న 'కొలంబస్' అనే పెద్ద జర్మన్ ప్రయాణికుల ఓడ డిసెంబరులో స్వదేశానికి బయలుదేరింది. అమెరికా గస్తీ ఓడలు వంతులవారీగా దాని వెంట నడిచాయి. ఎక్కడుందో రేడియోలో మామూలు భాషలో, సంకేతాలు లేకుండా తెలియజేస్తూ పోయాయి. మామూలు భాషలో చెప్పిన మాటను ఎవరైనా వినవచ్చు. డిసెంబరు 19న బ్రిటిష్ డిస్ట్రాయర్ 'హైపీరియన్' ఎదురైంది. జర్మన్ నావికులు ఓడకు తామే నిప్పుపెట్టి ముంచేసుకున్నారు. వెంటవున్న అమెరికన్ క్రూయిజర్ 'టస్కలూసా' 570 మందికి పైగా నీళ్లలోంచి తీసి న్యూయార్కు చేర్చింది.

ఇందులో అమెరికా చేసిన తప్పేమిటి? ఒక్క గుండు పేల్చలేదు. పైగా ప్రాణాలు కాపాడింది. తమ తీరం పక్కన పోయే ఓడను చూసి వున్నదున్నట్టు చెప్పింది. కాని చూసినదాన్ని ఎవరికి వినపడేటట్టు చెబుతున్నామన్నది కూడా ఒక చర్యే గదా! తగువులో ఒకడు చీకట్లో దాక్కుని వుంటే, "అదుగో, గడ్డివాము వెనకాల ఎవరో వున్నట్టున్నారు" అని గట్టిగా అన్నవాడు కర్ర ఎత్తకపోయినా తటస్థుడేనా? విద్యార్థులు ఆలోచించవలసిన ప్రశ్న.

అమ్మకాలలోనూ ఇదే వరస. 1939 నవంబరు 4న సవరించిన తటస్థతా చట్టం ప్రకారం ఆయుధాలు ఎవరైనా కొనుక్కోవచ్చు. రొక్కం చెల్లించాలి, సరుకు తమ ఓడల్లో తామే తీసుకుపోవాలి. అమెరికన్ ఓడలు మాత్రం యుద్ధ ప్రాంతాలకు పోకూడదు. 1917లో తమ ఓడలు మునగడం మూలానే యుద్ధంలోకి దిగవలసివచ్చిందన్న జ్ఞాపకం ఈ చివరి నిబంధన వెనక వుంది. మాటల్లో అందరికీ సమానమే. అయితే సముద్రం బ్రిటన్ చేతిలో వున్నప్పుడు ఓడ తెచ్చుకోగలిగేదెవరు?

పాత ఓడలు, కొత్త ఓడలు

1940 జూన్‌లో ఫ్రాన్సు పడిపోయింది. బ్రిటన్ కూడా పడిపోతే అట్లాంటిక్‌కు ఆవలి గట్టున హిట్లర్ వుంటాడన్న భయం అమెరికాను కుదిపేసింది. జూలై 19న రెండు మహాసముద్రాల నౌకాదళ చట్టం వచ్చింది. నౌకాదళాన్ని దాదాపు 70 శాతం పెంచడానికి అనుమతి ఇచ్చిన చట్టమది. ఏడు యుద్ధనౌకలు, పద్ధెనిమిది విమానవాహక నౌకలు అందులో వున్నాయి. కాని చట్టం చేసిన మర్నాడు ఓడ రాదు. 'ఎసెక్స్' అనే విమానవాహక నౌక నిర్మాణం 1941 ఏప్రిల్‌లో మొదలుపెడితే దళంలో చేరేసరికి 1942 డిసెంబరు 31 అయింది. అది కూడా అతివేగంగా కడితే! తటస్థత అమెరికాకు ఇచ్చిన అసలైన కానుక ఈ కాలమే.

1940 సెప్టెంబరు 2న మాత్రం గీత స్పష్టంగా దాటారు. పైన చెప్పిన పాత డిస్ట్రాయర్లు 50 బ్రిటన్‌కు ఇచ్చి, బదులుగా న్యూఫౌండ్లండు, బెర్ముడా, కరీబియన్ దీవులు మొదలైన చోట్ల స్థావరాలకు 99 యేళ్ల హక్కు తీసుకున్నారు. హేగ్ ఒప్పందంలో జ్ఞాపకం పెట్టుకోమన్న మాట ఇప్పుడు తీయండి. తటస్థ దేశం యుద్ధనౌకలు సరఫరా చేయరాదు. ఈ బేరాన్ని రూజ్వెల్టు కాంగ్రెసు ఓటుకు పెట్టలేదు. అటార్నీ జనరల్ న్యాయ సలహా చాలునన్నాడు.

గీత కదిలింది

అట్లాసు తీయవలసింది ఇప్పుడే. 1941 ఫిబ్రవరిలో అట్లాంటిక్ నౌకాదళాన్ని ప్రత్యేక దళంగా ఏర్పరచి అడ్మిరల్ కింగ్ చేతికి అప్పగించారు. మార్చి 11న లెండ్-లీజ్ చట్టం వచ్చింది. రొక్కం చెల్లించవలసిన అవసరం కూడా పోయింది. ఏప్రిల్‌లో భద్రతా రేఖను 26 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దాకా జరిపారు. వేలు పెట్టి చూడండి, గ్రీన్లండులో చాలా భాగం, అజోర్స్ దీవులు లోపలికి వచ్చేస్తాయి. జూలై 7న అమెరికన్ మెరీన్లు ఐస్లండులో దిగారు. రెండేళ్ల క్రితం 300 మైళ్లంటేనే పొరుగువారు నవ్విన గీత ఇప్పుడు సముద్రంలో సగానికి పైగా నడిచింది. ప్రతిసారీ చెప్పిన కారణం ఒక్కటే, రక్షణ.

1941 సెప్టెంబరు 4న 'గ్రీర్' అనే డిస్ట్రాయర్ ఐస్లండుకు టపా తీసుకుపోతోంది. ముందు పది మైళ్ల దూరంలో జర్మన్ జలాంతర్గామి వున్నదని బ్రిటిష్ విమానమొకటి కబురిచ్చింది. గ్రీర్ దాన్ని వెతికి పట్టుకుని, శబ్దతరంగాల పరికరంతో గంటల తరబడి వెంటాడుతూ ఆచూకీ చెబుతూ పోయింది. విమానం నాలుగు నీటిబాంబులు వేసి వెళ్లిపోయింది. కొంతసేపటికి జలాంతర్గామి గ్రీర్ మీద టార్పెడో వదిలింది. గ్రీర్ తిరిగి బాంబులు వేసింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

వారం తరువాత రూజ్వెల్టు రేడియోలో, జర్మన్ జలాంతర్గామే ముందుగా దాడి చేసిందని, ఇకమీదట మన రక్షణ జలాల్లోకి వస్తే వాళ్ల ప్రమాదానికి వాళ్లే బాధ్యులని ప్రకటించాడు. వెంటాడిన సంగతీ, విమానం సంగతీ ఆ ప్రసంగంలో లేవు. అవి అక్టోబరులో నౌకాదళాధిపతి అడ్మిరల్ స్టార్క్ సెనేట్ కమిటీకి ఇచ్చిన వివరణలో బయటపడ్డాయి. అప్పటికే అమెరికన్ ఓడలు బ్రిటన్‌కు పోయే నౌకల గుంపులకు కాపలాగా నడుస్తున్నాయి.

అక్టోబరు 17న 'కియర్నీ' మీద టార్పెడో తగిలి 11 మంది నావికులు పోయారు. 31న తెల్లవారుజామున ఐస్లండుకు పశ్చిమంగా 'రూబెన్ జేమ్స్' అనే నాలుగు పొగగొట్టాల పాత డిస్ట్రాయర్ రెండు ముక్కలై మునిగిపోయింది. వంద మందికి పైగా చనిపోయారు. బతికి బయటపడ్డవారు యాభై మంది లోపే.

ఆ వంద మంది ఏ యుద్ధంలో చనిపోయారు? వాళ్ల దేశం ఆనాటికి ఎవరితోనూ యుద్ధంలో లేదు. కాంగ్రెసు యుద్ధం ప్రకటించలేదు. అయినా వాళ్లు యుద్ధంలోనే వున్నారు, నెలల తరబడి. డిసెంబరు 7న పెర్ల్ హార్బర్, 11న జర్మనీ యుద్ధప్రకటన. అవి అట్లాంటిక్ నావికులకు అంతకుముందే తెలిసిన సంగతికి పడిన ముద్ర మాత్రమే.

తీర్పు చెప్పడం తేలిక కాదు

రూజ్వెల్టును దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. హిట్లర్ మామూలు శత్రువు కాడు. పోలెండులో, ఐరోపా అంతటా జరిగినది తెలిసిన మనం, ఆ కాపలా ఓడలు నడవకుండా వుండవలసిందని అనలేం. ప్రజలు కూడా రెండూ కోరుకున్నారు. బ్రిటన్ గెలవాలి, తాము మాత్రం యుద్ధంలోకి దిగకూడదు. రెండూ కావాలన్న ప్రజలకు నాయకుడు రెండూ ఇస్తున్నట్టు కనిపించాడు. అందుచేత నా ఆక్షేపణ ఆయన చేసిన పని మీద కంటే చెప్పకుండా వదిలిన మాట మీద ఎక్కువ. గ్రీర్ కథ పూర్తిగా చెప్పి ఓటు అడిగినా జనం ఒప్పుకునేవారేమో. కాని అడగలేదు.

ఇదంతా మనకెందుకు అనుకోవద్దు. అదే 1939 సెప్టెంబరు 3న మన దేశం కూడా యుద్ధంలో వున్నదని వైస్రాయ్ లిన్లిత్‌గో ఒక ప్రకటనతో తేల్చేశాడు. భారతీయ ప్రతినిధులను ఒక్కమాట అడగలేదు. ఆ అవమానం మీదనే కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. తటస్థంగా వుండాలా వద్దా అని ఆలోచించే హక్కు కూడా మనకు లేని రోజులవి. తటస్థత స్వతంత్రుడికే దొరికే వస్తువు. దొరికినవాడు దాన్ని తెలియకుండా పోగొట్టుకోవచ్చునని అమెరికా కథ చెబుతుంది.

కాబట్టి నా రెండో బహుమతి మిత్రునికి జవాబు ఇది. తటస్థ దేశానికి నౌకాదళం కావాలి, చట్టం కోసమూ కావాలి, ప్రాణాల కోసమూ కావాలి. అయితే దుడ్డుకర్ర పట్టుకున్న కాపలావాడు వీధి గుమ్మం దగ్గర నిలబడ్డాడా, వీధి మధ్యకు వచ్చాడా, పక్కింటి అరుగెక్కాడా అన్నది ఇంట్లోవాళ్లు రోజూ లేచి చూసుకోవాలి. వార్తాపత్రికలో "భద్రతా ప్రాంతం", "గస్తీ" అన్న మాటలు కనబడినప్పుడల్లా అట్లాసు తీసి, నిన్నటి గీత ఎక్కడ, నేటి గీత ఎక్కడ అని వేలు పెట్టి చూడండి. చరిత్ర చదువుకున్నందుకు ఆ మాత్రం అలవాటు అబ్బితే చాలు.

వచ్చే యేటి పోటీలో ఆ కుర్రవాడు మళ్లీ వేదిక ఎక్కుతాడని ఆశిస్తున్నాను. ఈసారి మొదటి బహుమతి అతనిదే కావచ్చు.